జకార్తాను ముంచుతోంది సముద్రం కాదు, రాని కుళాయి నీళ్లు

ప్రపంచంలో ఎక్కువ జనం ఉన్న నగరం ఏది అని అడిగితే మనలో చాలామంది ఇప్పటికీ టోక్యో అనే చెబుతారు. పోటీ పరీక్షల పుస్తకాల్లో ఏళ్ల తరబడి ఉన్నది అదే మరి. 2025 నవంబర్‌లో ఐక్యరాజ్యసమితి విడుదల చేసిన పట్టణీకరణ నివేదిక ఆ జవాబును మార్చేసింది. దాదాపు 4 కోట్ల 20 లక్షల జనాభాతో ఇండోనేషియా రాజధాని జకార్తా మొదటి స్థానానికి వచ్చింది, ఢాకా రెండోది, టోక్యో మూడో స్థానానికి దిగింది.

ఈ అంకె చూసి ఒక్క ఏడాదిలో జనం వచ్చి పడ్డారనుకోవద్దు. లెక్క కట్టే పద్ధతి మారింది. ఇండోనేషియా 2020 జనాభా లెక్కల ప్రకారం జకార్తా పాలనా పరిధిలో ఉన్నది కోటీ 5 లక్షల మందే, విస్తీర్ణం 660 చదరపు కిలోమీటర్లు, అంటే విస్తరణకు ముందు జీహెచ్ఎంసీ ఉన్నంత. అయితే బోగోర్, దెపోక్, తంగెరాంగ్, బెకాసీ అనే చుట్టుపక్కల ఊళ్లు దానిలో ఎప్పుడో కలిసిపోయాయి. పొద్దున్నే లక్షల మంది అక్కణ్నుంచి లోకల్ రైళ్లలో వచ్చి రాత్రికి తిరిగి వెళ్తుంటారు. పాలనా సరిహద్దుల్ని పక్కనపెట్టి, కట్టడాలూ జనసాంద్రతా ఎక్కడిదాకా తెగకుండా ఉన్నాయో అక్కడిదాకా ఒకే నగరంగా లెక్కేశారు. నాకు ఇదే సరైన పద్ధతి అనిపిస్తుంది. వరదకూ, పొగకూ, ట్రాఫిక్‌కూ మున్సిపల్ సరిహద్దు పట్టదు కదా.

అంత పెద్ద నగరం గురించి మన దగ్గర వచ్చే వార్త మాత్రం ఒక్కటే: "సముద్రంలో మునిగిపోతున్న జకార్తా". దాంతోపాటు వాతావరణ మార్పు అనే మాట, చివర్లో అందుకే రాజధానిని మార్చేస్తున్నారనే ముక్తాయింపు. ఈ కథనం సగమే నిజం. ఆ మిగిలిన సగం చెప్పకపోతే తప్పంతా సముద్రం మీదికి పోతుంది, అసలు బాధ్యులు తప్పించుకుంటారు.

ముందు కొలతలు చూద్దాం. ప్రపంచ సగటున సముద్రమట్టం ఏడాదికి 3, 4 మిల్లీమీటర్లు పెరుగుతోంది. జకార్తాలో నేల కుంగే వేగం చోటును బట్టి మారుతుంది. కొన్నిచోట్ల ఏడాదికి సెంటీమీటరు ఉంటే, ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉన్న పేటల్లో 10 సెంటీమీటర్లు దాటిన ఏళ్లు కూడా ఉన్నాయి. ఉత్తర జకార్తాలో కొన్ని ప్రాంతాలు పదేళ్లలో 2.5 మీటర్లు దిగిపోయాయని బాందుంగ్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు లెక్కగట్టారు. ఒక మనిషి నిలబడి చెయ్యెత్తితే ఎంతో అంత లోతు. నగరంలో దాదాపు 40 శాతం ఇప్పటికే సముద్రమట్టం కన్నా కింద ఉంది. సముద్రం పెరగడం నిజమే, ముందు ముందు ఇంకా పెరుగుతుంది, కానీ ఇన్నేళ్లుగా జకార్తా కాళ్ల కిందకు నీళ్లు రావడానికి ముఖ్య కారణం కాళ్ల కింది నేలే దిగిపోవడం.

అది ఎందుకు దిగుతోంది? జకార్తా నిలబడింది నదులు తెచ్చిపోసిన ఒండ్రు మీద. చిలివుంగ్‌తో కలిపి 13 నదులు ఈ నగరంలోంచి సముద్రంలోకి వెళ్తాయి. కింద ఇసుక పొర, దాని మీద బంకమన్ను పొర, మళ్లీ ఇసుక, మళ్లీ బంకమన్ను, ఇలా వందల అడుగుల లోతున ఉంటాయి. ఇసుక పొరల్లోని నీరు పైనున్న బరువును కొంత మోస్తుంది. లోతైన బోర్లు వేసి ఆ నీటిని తోడేస్తే ఒత్తిడి తగ్గి, బంకమన్నులోని నీరు మెల్లగా బయటికి జారి, ఆ పొర దూది బస్తా మీద మనిషి కూర్చున్నట్టు అణిగిపోతుంది. ఒకసారి బాగా అణిగిన బంకమన్ను, తర్వాత ఎన్ని వానలు పడినా, మళ్లీ పైకి లేవదు. పైన కట్టిన టవర్ల బరువు, ఒండ్రు నేల తనంతట తాను కుదించుకుపోవడం కూడా ఉన్నాయి, ఏది ఎంత అన్నదాని మీద శాస్త్రవేత్తల మధ్య వాదనలూ ఉన్నాయి. కానీ మనిషి ఆపగలిగింది నీటిని తోడటమే. హైదరాబాద్‌లో వెయ్యి అడుగులు బోరు వేస్తే నీళ్లు పడకపోవచ్చు, అప్పులు మిగలొచ్చు, కానీ ఇల్లు కుంగదు, కింద ఉన్నది గ్రానైట్ రాయి కాబట్టి. జకార్తాకు ఆ ధీమా లేదు.

సరే, 13 నదులున్న ఊళ్లో, ఏటా దండిగా వాన పడే ఊళ్లో, జనం బోర్లు ఎందుకు వేస్తున్నారు? ప్రశ్న ఇక్కడే ఉంది, జవాబు కోసం చాలా వెనక్కి వెళ్లాలి.

డచ్ ఈస్టిండియా కంపెనీ 1619లో జయకర్త అనే ఊరిని కాల్చి దాని మీద బటావియా కట్టింది. తమ దేశంలో లాగే కాలువలు తవ్వి, వాటి ఒడ్డున ఇళ్లు కట్టుకున్నారు. ఆ ఉష్ణమండలంలో కాలువలు పూడిపోయి, మురికిపట్టి, మలేరియాతో జనం రాలిపోయారు. 1800ల తొలి దశకంలో గవర్నర్ జనరల్ డేండెల్స్ పాత కోటను కూలగొట్టించి, పాలనా కేంద్రాన్ని దక్షిణాన కాస్త ఎత్తులో ఉన్న వెల్తెవ్రెడెన్‌కు తరలించాడు. అధికారులూ, డబ్బున్నవాళ్లూ అటు వెళ్లారు, మిగతా జనం పాత మురికిలోనే మిగిలారు. అంటే పాడైన చోటిని వదిలేసి పైకి జరిగిపోవడం ఈ నగర పాలకులకు కొత్త కాదు, రెండు శతాబ్దాల నాటి అలవాటు.

నీళ్ల సంగతీ అంతే. 19వ శతాబ్దంలో డచ్ ప్రభుత్వం యూరోపియన్ల కోసం లోతైన ఊటబావులు తవ్వించింది. 1920లలో బోగోర్ కొండల దగ్గర్నుంచి ఊటనీటిని గొట్టాల్లో తెచ్చి ముఖ్యంగా వాళ్ల పేటలకే ఇచ్చింది. స్థానికుల కాంపుంగ్‌లకు, అంటే వాళ్లుండే పేటలకు, వీధి కుళాయిలు, అవీ కొన్నే. 1945లో స్వాతంత్య్రం ప్రకటించుకున్నాక తొలి అధ్యక్షుడు సుకర్ణో కాలంలో పెజోంపోంగన్ దగ్గర నీటి శుద్ధి కేంద్రం కట్టారు. కానీ దేశానికి గొప్ప రాజధాని చూపించాలనే తొందరలో గొట్టాలు ముందుగా వెళ్లింది పెద్ద రోడ్లకూ, హోటళ్లకూ, కొత్త కాలనీలకే. వలస పాలన గీసిన నీటి పటాన్ని స్వతంత్ర ప్రభుత్వం చెరిపి కొత్తది గీయలేదు, దాన్నే పొడిగించింది.

తర్వాత వచ్చింది ప్రైవేటీకరణ. ఆయన తర్వాతి అధ్యక్షుడు సుహార్తో పాలన చివరి రోజుల్లో, 1997 జూన్‌లో, చిలివుంగ్ నదిని సరిహద్దుగా పెట్టి నగరాన్ని రెండు ముక్కలు చేశారు. పడమర వైపు ఫ్రెంచి సంస్థ సూయెజ్‌కు, తూర్పు వైపు బ్రిటిష్ సంస్థ థేమ్స్ వాటర్‌కు, 25 ఏళ్ల ఒప్పందం. బహిరంగ టెండరు లేదు. రెండు కంపెనీల స్థానిక భాగస్వాములూ అధ్యక్షుడికి కావలసినవాళ్లే, ఒకరు సలీం వ్యాపార సంస్థ, ఇంకొకరు సుహార్తో కొడుకు వాటా ఉన్న కంపెనీ. 1998 ఫిబ్రవరిలో ఒప్పందం అమల్లోకి వచ్చింది, మే నెలలో సుహార్తో దిగిపోయాడు, ఒప్పందం మాత్రం దిగిపోలేదు.

ఆ ఒప్పందంలో నాకు అన్నింటికన్నా అన్యాయంగా కనిపించేది ఒక షరతు. జనం కట్టే బిల్లు వేరు, కంపెనీకి అందే రుసుము వేరు. కంపెనీ రుసుము ధరల పెరుగుదలతో పాటు పెరిగేలా రాసుకున్నారు, జనం బిల్లు అంతలా పెంచలేరు, మధ్యలో తేడా పామ్ జయ అనే ప్రభుత్వ నీటి సంస్థ నెత్తిన అప్పుగా పడింది. పేదల ఇళ్లకు కనెక్షన్ ఇస్తే వాళ్లు కట్టేది తక్కువ రేటు కాబట్టి కనెక్షన్లు పెంచినకొద్దీ ప్రభుత్వ సంస్థ నష్టం పెరిగే పరిస్థితి. ఇంకెవరు గొట్టాలు వేస్తారు? మొదట్లో కనెక్షన్లు కొంత పెరిగి 60 శాతం దగ్గర ఆగిపోయాయి, ఒప్పందం ముగిసేనాటికి కూడా 65 శాతం దగ్గరే. దీని మీద పౌరులు కోర్టుకెళ్లారు. 2017 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ప్రైవేటీకరణ రద్దు చేయాలంది, ఆ తర్వాత పునఃసమీక్షలో ఆ తీర్పే తిరగబడింది. చివరికి గడువు తీరిపోయి 2023 ఫిబ్రవరి 1న నీళ్లు పామ్ జయ చేతికి వచ్చాయి. 25 ఏళ్లు అలా పోయాయి. ఆ 25 ఏళ్లలో నేల ఎంత దిగిందో పైన చెప్పాను.

కుళాయి రాని మూడో వంతు జనం ఏం చేస్తారు? ఇక్కడ ఒక అపోహ ఉంది, పేదలు బోర్లు తోడి ఊరిని ముంచుతున్నారని. ఉత్తర జకార్తా పేటల్లో పైపొర నీరు ఉప్పన, వాడుకోవడానికి పనికిరాదు. లోతైన బోరు వేసే డబ్బు వాళ్లకు లేదు. మువారా బారు, మువారా అంకె లాంటి చోట్ల తోపుడు బండి మీద ప్లాస్టిక్ క్యాన్లలో వచ్చే నీళ్లు కొనుక్కుంటారు, లీటరు లెక్కన చూస్తే కుళాయి ఉన్న సంపన్నుడి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కట్టి. గొట్టం ఉన్న ఇళ్లలో కూడా కొన్నిచోట్ల నీళ్లు అర్ధరాత్రి దాటాకే వస్తాయి, ఆడవాళ్లు నిద్ర మానుకుని పట్టుకోవాలి.

లోతు నుంచి తోడేది ఎవరు? ఫ్యాక్టరీలు, హోటళ్లు, మాల్స్, అపార్ట్‌మెంట్ టవర్లు. 2018లో నగర ప్రభుత్వం నడిబొడ్డున ఉన్న థమ్రిన్ రోడ్డు ప్రాంతంలో 80 భవనాలు తనిఖీ చేస్తే 56 భవనాలకు సొంత బోర్లున్నాయి, అందులో 33 అక్రమంగా తోడుతున్నాయి. గొట్టం నీళ్లు పుష్కలంగా అందే చోట కూడా ఇదీ పరిస్థితి. అక్కడ బోరు వేసుకున్నది నీళ్లు లేక కాదు, బోరు నీళ్లు చవక కాబట్టి.

వరద వస్తే మాత్రం శిక్ష వేరేవాళ్లకు పడుతుంది. 2015లో కాంపుంగ్ పులో, 2016లో బుకిత్ దూరి, అదే ఏడాది రేవు పక్కన కాంపుంగ్ అక్వేరియం, ఇలా ఒక్కొక్క పేటా బుల్డోజర్ల కింద పోయింది. నదీ తీరాన్ని ఆక్రమించారు, వరద గోడలకు అడ్డొస్తున్నారు అని చెప్పారు. నది వెడల్పు చేయడం అవసరమే, కాదనను. కానీ తరాల నుంచి అక్కడున్న మత్స్యకారుడి ఇల్లు ఒక్క పూటలో కూలగొట్టగలిగిన యంత్రాంగం ఒక హోటల్ బోరుకు సీలు వేయడానికి ఏళ్లు తీసుకుందంటే, అది చేతకానితనం కాదు, ఎవరి మీద చెయ్యి వేయాలో ముందే తేల్చుకోవడం. కాంపుంగ్ అక్వేరియం జనం శిథిలాల మీదే డేరాలేసుకుని నిలబడి, పోరాడి, 2021లో అదే చోట ప్రభుత్వంతో కొత్త ఇళ్లు కట్టించుకున్నారు. అలాంటి విజయాలు అక్కడ అరుదు.

వరదల గురించి కూడా ఒక మాట. నేల సమంగా కుంగదు, సముద్రం వైపు ఎక్కువ కుంగింది. దాంతో నదుల నీరు తనంతట తాను సముద్రంలోకి పారలేకపోతోంది, ప్లూయిత్ లాంటి చోట్ల పంపులతో ఎత్తి పోయాలి. కరెంటు పోయినా, పంపు ఆగినా ఊరు చెరువే. 2007 ఫిబ్రవరి వరదలో నగరంలో సగానికి పైగా మునిగింది. 2020 కొత్త సంవత్సరం రోజున హలీం విమానాశ్రయం దగ్గర ఒక్క రోజులో 377 మిల్లీమీటర్ల వాన పడింది, జకార్తా పరిసరాల్లో 60 మందికి పైగా చనిపోయారు. వాన లేకపోయినా, పౌర్ణమి అమావాస్యల పోటుకు తీరపు వీధుల్లోకి ఉప్పునీరు వస్తుంది, దాన్ని అక్కడ 'రోబ్' అంటారు. మువారా బారులో వల్ అదునా అనే మసీదు ఉంది, ఒకప్పుడు నమాజుకు జనం వచ్చేవాళ్లు, ఇప్పుడది సముద్రపు గోడకు అవతల, నీళ్లలో ఉంది.

మరి ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయి? రెండు భారీ ఆలోచనలు. ఒకటి గోడ, ఇంకోటి తరలింపు.

గోడ కథ 2014లో మొదలైంది. జకార్తా అఖాతానికి అడ్డంగా గరుడ పక్షి ఆకారంలో కట్ట కట్టి, దాని మీద విలాస భవనాలు అమ్మి ఖర్చు రాబట్టాలనుకున్నారు. గరుడుడు వాళ్ల జాతీయ చిహ్నం, ఆకాశం నుంచి చూస్తే అందంగా ఉంటుందని ఊహాచిత్రాలూ గీశారు. ఆ డిజైన్ మూలన పడింది. ఇప్పుడు అధ్యక్షుడు ప్రబోవో సుబియాంతో జావా ఉత్తర తీరమంతా వందల కిలోమీటర్ల గోడ కడతామంటున్నారు, 80 బిలియన్ డాలర్లు అవుతుందని ఆయనే చెప్పారు, 2025లో దానికి ప్రత్యేక సంస్థ కూడా పెట్టారు. తీరంలో ఇప్పుడున్న గోడల్ని ఎత్తు పెంచడం తప్పదు, అక్కడి జనం రేపటిదాకా బతకాలి. కానీ నేల కుంగుతూ ఉంటే గోడా దానితోపాటే కుంగుతుంది. పైగా అఖాతాన్ని మూసేస్తే 13 నదులు మోసుకొచ్చే మురుగంతా లోపలే నిలుస్తుంది. జకార్తాలో భూగర్భ డ్రైనేజీ ఉన్న ఇళ్లు చాలా తక్కువ శాతం, మిగతావన్నీ సెప్టిక్ ట్యాంకులూ, కాలువలే. మురుగు శుద్ధి చేయకుండా గోడ కడితే ఊరి ముందు నల్లటి కంపు సరస్సు మిగులుతుంది, చేపలు పట్టుకునేవాళ్ల బతుకు దానితోనే పోతుంది.

తరలింపు సంగతి అందరికీ తెలిసిందే. 2019 ఆగస్టులో అప్పటి అధ్యక్షుడు జోకో విడోడో బోర్నియో ద్వీపంలోని తూర్పు కలిమంతాన్‌లో కొత్త రాజధాని ప్రకటించారు, 2022 జనవరిలో చట్టం చేసి నుసంతర అని పేరు పెట్టారు, అంచనా ఖర్చు 466 లక్షల కోట్ల రుపియాలు. 2024 ఆగస్టు 17 స్వాతంత్య్ర దినోత్సవం అక్కడా జరిపారు, జకార్తాలోనూ జరిపారు. ఇప్పుడు ప్రబోవో ప్రభుత్వం 2028 నాటికి దాన్ని 'రాజకీయ రాజధాని'గా చేస్తామంటోంది. అమరావతి దగ్గర పదేళ్లకు పైగా ఇలాంటి ప్రకటనలూ, ఆగిపోవడాలూ, మళ్లీ మొదలవడాలూ చూసినవాళ్లకు కొత్త రాజధాని అంటే ఎంత టెన్షనో వేరే చెప్పక్కర్లేదు. దేశాభివృద్ధి అంతా జావా ద్వీపంలోనే పోగుపడుతోంది, దాన్ని పంచాలి అన్న వాదనలో న్యాయం ఉంది. అది వేరే చర్చ. నా అభ్యంతరం ఒక్కటే, దీన్ని జకార్తా సమస్యకు పరిష్కారంగా చూపించడం. నుసంతరలో 2045 నాటికి ఉంటారనుకున్న జనాభా 19 లక్షలు. జకార్తా మహానగరంలో ఉన్నది 4 కోట్లు. మంత్రులూ, కార్యదర్శులూ విమానమెక్కి వెళ్లిపోయినా వ్యాపారం, రేవు, ఫ్యాక్టరీలు, బోర్లు అన్నీ ఇక్కడే ఉంటాయి. డేండెల్స్ చేసిందే ఈసారి ఇంకాస్త దూరంగా చేస్తున్నట్టు ఉంది.

ఇదంతా తప్పించుకోలేని విధి అయితే నేను ఇంత బాధపడేవాణ్ని కాదు. తప్పించుకున్న నగరం కళ్ల ముందే ఉంది, అదే టోక్యో. ఆ నగరపు తూర్పు వాడలు 20వ శతాబ్దంలో 4 మీటర్లకు పైగా కుంగాయి, కారణం ఇదే, ఫ్యాక్టరీల బోర్లు. 1956లోనూ, 1962లోనూ చట్టాలు తెచ్చి భూగర్భ జలాన్ని కట్టడి చేశారు, వాటితోపాటు ఫ్యాక్టరీలకు నది నీళ్లు, శుద్ధి చేసిన నీళ్లు గొట్టాల్లో ఇచ్చారు. 1970ల నుంచి కుంగడం బాగా తగ్గింది. దిగిన నేల పైకి రాలేదు, ఆ వాడలు ఇప్పటికీ సముద్రమట్టానికి కిందే ఉన్నాయి, కట్టల వెనక భద్రంగా ఉన్నాయి. బ్యాంకాక్ కూడా 1977లో చట్టం తెచ్చింది, తర్వాత భూగర్భ జలం మీద రుసుము పెంచుకుంటూ పోయి వేగాన్ని బాగా తగ్గించగలిగింది. రెండు చోట్లా సూత్రం ఒకటే, ముందు గొట్టం ఇవ్వాలి, ఆ తర్వాత బోరు ఖరీదుగా మారాలి, ఆపైన మూయించాలి.

జకార్తాకు అది చేసే సత్తా లేదంటే నమ్మను. 2004లో బస్సులకు ప్రత్యేక దారి వేస్తే అందరూ వెక్కిరించారు, ఇప్పుడు ట్రాన్స్‌జకార్తా ప్రపంచంలోనే అతి పొడవైన ప్రత్యేక బస్సు మార్గాల వ్యవస్థ, రోజుకు 10 లక్షలకు పైగా జనం ఎక్కుతున్నారు, టికెట్ 3,500 రుపియాలు, అంటే మన డబ్బులో 20 రూపాయల లోపే. 2019లో మెట్రో వచ్చింది. అదే ఏడాది 32 మంది పౌరులు గాలి కాలుష్యం మీద ఏకంగా దేశాధ్యక్షుడి మీదే కేసు వేశారు, 2021లో కోర్టు ప్రభుత్వానిది నిర్లక్ష్యమే అని తీర్పిచ్చింది. కోర్టుకెళ్లే జనం ఉన్నారు, పని చేయగల యంత్రాంగం ఉంది. కొరత పట్టుదలదే.

2023 ఆగస్టు నుంచి 5,000 చదరపు మీటర్లు దాటిన భవనాలు, గొట్టం నీళ్లు ఉన్న ప్రాంతాల్లో, భూగర్భ జలం వాడకూడదని నిబంధన వచ్చింది. మంచిదే, ఆలస్యమైనా. 2030 నాటికి నూరు శాతం ఇళ్లకు కుళాయి అని లక్ష్యం పెట్టుకున్నారు. దానికి నీళ్లు ఎక్కణ్నుంచి? జకార్తా శుద్ధి చేసుకునే నీటిలో ఎక్కువ భాగం చితారుమ్ నది మీది జతిలుహుర్ జలాశయం నుంచి, ఊళ్లూ ఫ్యాక్టరీలూ దాటుకుంటూ తెరిచిన కాలువలో వస్తుంది. కొత్తగా బాంతెన్ రాష్ట్రంలో కరియన్ డ్యామ్ 2024 జనవరిలో ప్రారంభమైంది, అక్కడి నుంచి పశ్చిమ జకార్తాకు గొట్టం వేయాలి. ఈలోగా ఊళ్లోనే పాత గొట్టాలు కారిపోయి, దొంగ కనెక్షన్లకు పోయి, శుద్ధి చేసిన నీటిలో 40 శాతానికి పైగా లెక్కకు రాకుండా పోతోంది. ఒక్క ఆ కారడం సగానికి తగ్గించినా కొత్త డ్యామ్ వచ్చినంత. కానీ గొట్టం మరమ్మతుకు ఏ నాయకుడూ శంకుస్థాపన చేయడు, ఫొటో రాదు.

2025 జనవరిలో పామ్ జయ దాదాపు 17 ఏళ్ల తర్వాత మొదటిసారి నీటి ధర పెంచింది, పేద ఇళ్లకు తక్కువగా, పెద్ద భవనాలకు ఎక్కువగా. అపార్ట్‌మెంట్ల వాళ్లు తమను వ్యాపార సంస్థల లెక్కలో కలిపారని గొడవకు దిగారు. వాళ్ల ఫిర్యాదులో కొంత న్యాయం ఉండొచ్చు, వర్గాల విభజన సరిచూడాలి. అయినా ఈ గొడవ నాకు నచ్చింది, ఎందుకంటే గరుడ ఆకారపు గోడ గురించీ, అడవిలో కొత్త నగరం గురించీ కాకుండా ఎవరి కుళాయికి ఎంత కట్టాలన్నదాని మీద జకార్తా వాదించుకుంటోంది. ఇదే సమయంలో పామ్ జయను కంపెనీగా మార్చి షేర్ మార్కెట్‌కు తీసుకెళ్లాలన్న ఆలోచన నగర ప్రభుత్వం బయటపెట్టింది, అది మాత్రం భయపెడుతోంది. లాభం చూసుకునే చేతుల్లో నీటిని పెట్టి పాతికేళ్లు పోగొట్టుకున్న నగరం ఇది. డబ్బు కావాలంటే లోతైన బోర్ల మీద మీటర్లు పెట్టి, కుళాయి రేటు కన్నా ఎక్కువ వసూలు చేసి, ఆ సొమ్ముతో మువారా బారుకు గొట్టం వేయొచ్చు. బోరు నీరు కుళాయి నీటి కన్నా చవకగా ఉన్నంతకాలం థమ్రిన్ రోడ్డు మీద ఒక్క పంపు కూడా నిజంగా ఆగదు.